పన్నెండు పూసల యాంటీబాడీ లాకెట్: ఇంట్లో చేసుకోవడం ఎలా, కంసాలి చేత చేయించుకోవడం ఎలా

డెంగ్యూ కార్డు టెస్టు చేయించుకున్నవాళ్లకి ఆ ప్లాస్టిక్ ముక్క మీద జి, ఎం అనే అక్షరాలు గుర్తుండే ఉంటాయి. జి అంటే ఐజీజీ, ఎం అంటే ఐజీఎం. రెండూ మన రక్తంలో తిరిగే యాంటీబాడీలే, అంటే రోగకారకాలను పట్టుకునే ప్రొటీన్ అణువులు. వాటిలో ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉండే ఐజీజీని మెళ్లో వేసుకునే లాకెట్‌గా ఎలా చేసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ఇలాంటి నగలు ఆన్‌లైన్‌లో కొనడానికి దొరుకుతాయి. చాలావాటిలో వై అక్షరం ఒకటి పోతపోసి, కింద యాంటీబాడీ అని పేరు పెట్టేస్తారు. పేరు వై అని మొదలయ్యే ఏ అమ్మాయైనా దాన్ని వేసుకోవచ్చు. నా పట్టుదల ఒక్కటే, లెక్క తప్పకూడదు. అణువులో ఎన్ని ముద్దలుంటే అన్ని పూసలుండాలి. అది వంగే చోట మన లాకెట్ కూడా వంగాలి. దానిలో ఖాళీ ఉన్న చోట మనమూ ఖాళీ వదలాలి. ఇది పాటిస్తే డిజైన్ కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, అణువే డిజైన్ ఇచ్చేస్తుంది.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మనకి ఈ పని సులువు. పూసలు, తీగలు బజారులో దొరుకుతాయి. పట్టీలు, మెట్టెలు చేసే కంసాలులు ఊరూరా ఉన్నారు. కటకం తారకసి, అంటే సన్నని వెండి తీగల పని, పెళ్లిళ్లలో చూస్తూనే ఉంటాం. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పూసల లాకెట్ మీరే చేసుకోండి. అది చేతికి అలవాటయ్యాక వెండిలో చేయించుకోవచ్చు.

ముందు అణువును చూడండి

ఐజీజీలో నాలుగు గొలుసులుంటాయి. రెండు పొడవైనవి, వాటిని హెవీ చెయిన్లు అంటారు. రెండు పొట్టివి, అవి లైట్ చెయిన్లు. ఒక్కో హెవీ చెయిన్ నాలుగు చోట్ల ముడుచుకుని నాలుగు ముద్దలవుతుంది, ఒక్కో లైట్ చెయిన్ రెండు ముద్దలవుతుంది. వెరసి 12. ఈ ముద్దలనే డొమైన్లు అంటారు. 12 డొమైన్లూ మూడు గుత్తులుగా సర్దుకుంటాయి. ఎడమ చేతిలో నాలుగు, కుడి చేతిలో నాలుగు, కాడలో నాలుగు. ఒక్కో చేతిలో రెండు హెవీ చెయిన్‌వి, రెండు లైట్ చెయిన్‌వి. కాడలో నాలుగూ హెవీ చెయిన్‌వే.

ఈ మూడు గుత్తుల సంగతి తెలియడానికి బొప్పాయి సాయపడింది. ఇంగ్లండ్‌లో రాడ్నీ పోర్టర్ కుందేలు యాంటీబాడీలను బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైముతో కోసి, 1959లో ఆ ఫలితాలు ప్రచురించాడు. దాదాపు ఒకే బరువున్న మూడు ముక్కలు వచ్చాయి. రెండు ముక్కలు రోగకారకాన్ని పట్టుకుంటాయి. మూడోది ఏమీ పట్టుకోదు గానీ చక్కగా స్ఫటికం కడుతుంది. మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, అక్కడ పనిచేసేదీ ఈ పపైనే. అదే కాలంలో అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ గొలుసుల మధ్య ఉన్న గంధకపు బంధాలను తెంచి, అణువులో ఒకటి కాదు, వేర్వేరు గొలుసులున్నాయని చూపించాడు. ఇద్దరికీ కలిపి 1972లో నోబెల్ ఇచ్చారు. మనకి ఇందులో పనికొచ్చే ముక్క ఏమిటంటే, లాకెట్‌ని కూడా మూడు గుత్తులుగా విడివిడిగా చేసి చివర్లో కలపడమే తేలిక.

అసలు రూపం చూడాలంటే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లోకి వెళ్లండి. 1971లో మొదలైన ఈ భాండాగారంలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. వెతికే చోట 1హెచ్‌జెడ్‌హెచ్ అనే నాలుగక్షరాల గుర్తు ఇస్తే మనిషి ఐజీజీ వస్తుంది, 1ఐజీటీ అంటే ఎలుకది. అక్షరాలు ఇంగ్లీషులోనే టైపు చేయాలి. వేలితో తిప్పి చూడండి. పాఠ్యపుస్తకంలోలా రెండు చేతులూ సమానంగా చాపి నిలబడదు. ఒక చెయ్యి పైకి, ఒకటి పక్కకి, కాడ ఓ వైపుకి వాలి ఉంటుంది. మీ లాకెట్ కాస్త వంకరగా వచ్చిందని దిగులు పడకండి, అదే నిజానికి దగ్గర.

కొలతలు, సరుకులు

ఒక్కో డొమైన్ సుమారు 4 నానోమీటర్ల పొడవు, 2.5 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే గుండ్రటి పూస కాదు, కోలపూస కావాలి. బజారులో 8 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు ఉన్న గాజు కోలపూసలు దొరికితే మన పని అయిపోయినట్టే. లెక్క సరిగ్గా సరిపోతుంది. 1 నానోమీటర్‌కి 2 మి.మీ., అంటే అణువును 20 లక్షల రెట్లు పెంచినట్టు. లాకెట్ ఇంచుమించు 3 సెం.మీ. పైచిలుకు వస్తుంది. ఇదే లెక్కన మన తలవెంట్రుకను పెంచితే దాని మందం 160 మీటర్ల దాకా ఉంటుంది. పిల్లలకి చెప్పండి, నోరెళ్లబెడతారు.

హెవీ చెయిన్లకి ముదురు రంగువి ఎనిమిది, లైట్ చెయిన్లకి లేత రంగువి నాలుగు తీసుకోండి. ఒకటి రెండు ఎక్కువ కొనుక్కోవడం మంచిది, గాజుపూసల బెజ్జాలు ఒక్కోసారి మూసుకుపోయి ఉంటాయి. కొట్లోనే తీగ ముక్క దూర్చి చూసుకోండి. పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే పనివాళ్లున్నారు. ముదురు పూసలు ఎనిమిదీ వాళ్ల చేత కొమ్ములో చేయించుకుంటే గాజు కన్నా తేలికగా ఉంటాయి, మెడకి చల్లగా తగలవు. ఖర్చు ఎక్కువే అనుకోండి.

తీగ విషయంలో బరంపురం వాళ్లు ఒకటి గమనించాలి. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే. ఆ ఉప్పుగాలికీ చెమటకీ రాగి తీగ త్వరగా నల్లబడుతుంది, ఒక్కోసారి మెడ మీద పచ్చటి మరక కూడా వదులుతుంది. కోరాపుట్ కొండల్లో ఇంత బాధ ఉండదు. కాబట్టి నేర్చుకోవడానికి రాగి వాడండి, వేసుకోవడానికి చేసే దానికి వెండి తీగ వాడండి. మందం 0.5 మి.మీ., పొడవు మీటరు చాలు. కట్టడానికి 0.3 మి.మీ. సన్న తీగ మీటరు, అదే మందంలో పసుపుపచ్చని ఇత్తడి తీగ ఒక మూర. ఇత్తడి ఎందుకంటే, గొలుసులను కలిపి ఉంచేవి గంధకపు బంధాలు. అణువుల బొమ్మల్లో గంధకానికి పసుపు రంగే వేస్తారు. తెగిపోయిన నల్లపూసల గొలుసు ఇంట్లో ఉంటే దాచండి, ఓ పదహారు పూసలు కావాలి.

పనిముట్లు రెండే. గుండ్రటి ముక్కున్న ప్లయర్, కటింగ్ ప్లయర్. తీగ కొసలు అరగదీయడానికి చిన్న ఆకురాయి ఉంటే సరే, లేకపోతే గోళ్లు అరగదీసే ఫైలర్ సరిపోతుంది.

చేతులు రెండూ

0.5 తీగని 12 సెం.మీ. ముక్కలు ఆరు కత్తిరించండి. నాలుగు ముక్కలు చేతులకి, రెండు కాడకి.

చేతి ముక్క ఒకటి తీసుకోండి. ప్లయర్ ముక్కు 2 మి.మీ. మందం ఉన్న చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి, ప్రతిసారీ తీగ అక్కడే చుడితే రింగులన్నీ ఒకే సైజులో వస్తాయి. తీగ కొసని అక్కడ పట్టుకుని ఒక చుట్టు చుట్టండి. తీసి, దాని పక్కనే రెండోది, ఆ పక్కన మూడోది. మూడు రింగులూ మారేడు దళంలా విచ్చుకుని ఉండాలి. ఇప్పుడు రెండో కొస నుంచి పూస ఎక్కిస్తే అది జారి వచ్చి ఈ రింగుల దగ్గర ఆగిపోతుంది. దాని వెనకే ఇంకో పూస.

ఆ మూడు రింగులు ముచ్చటకి పెట్టినవి కావు. యాంటీబాడీ వైరస్‌నో బ్యాక్టీరియానో పట్టుకునేది వాటితోనే. చేతి కొసన ఉన్న ఒక్కో డొమైన్‌లో మూడేసి మెలికలు బయటకి పొడుచుకుని ఉంటాయి. చేతికి రెండు కొస డొమైన్లు కాబట్టి ఆరు మెలికలు. ఒక యాంటీబాడీకీ ఇంకో యాంటీబాడీకీ తేడా చాలావరకు ఈ మెలికల్లోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి. రింగు వదులుగా వచ్చినా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయినా తీగ కత్తిరించేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి వంచిన తీగని తిన్నగా చేసి మళ్లీ వంచితే అక్కడే పుటుక్కుమంటుంది.

ఇలా ముదురు పూసల తీగలు రెండు, లేత పూసల తీగలు రెండు తయారుచేయండి. ప్రతి తీగకీ రెండు పూసలు. రెండో పూస తర్వాత తీగని చిన్న కొక్కెంలా వంచి, మిగిలిన కొసని కొక్కెం మెడకి రెండు చుట్లు చుట్టి కత్తిరించండి. చుట్టు వేయకుండా వదిలేసిన కొక్కెం బరువుకి విచ్చుకుంటుంది, పూసలు నడిరోడ్డు మీద రాలతాయి.

ఇక ఒక ముదురు తీగని, ఒక లేత తీగని పక్కపక్కన పెట్టండి. మూడు రింగుల కొసలు రెండూ ఒకే వైపు ఉండాలి. పై పూసకీ కింది పూసకీ మధ్య ఉన్న సందులో 0.3 సన్న తీగని ఎనిమిది అంకెలా నాలుగుసార్లు తిప్పి బిగించండి. అడుగున, కొక్కేల దగ్గర, ఇత్తడి తీగ ముక్కతో రెంటినీ ఒక్క చుట్టు కట్టండి. హెవీ చెయిన్‌కీ లైట్ చెయిన్‌కీ మధ్య ఉండే గంధకపు బంధం ఇదే, చేతికి ఒక్కటే ఉంటుంది. అందంగా ఉందని రెండు మూడు కట్టకండి.

రెండో చెయ్యి కూడా అచ్చం ఇలాగే. రంగులు మార్చకండి. ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి గులాబీ పెట్టిన లాకెట్లు కనిపిస్తుంటాయి, చూడటానికి బాగానే ఉంటాయి. కానీ మన ఒంట్లో తయారైన యాంటీబాడీ మామూలుగా రెండు చేతులతోనూ ఒకే వస్తువును పట్టుకుంటుంది. రెండు రంగుల మీద మరీ మనసైతే ఒక దారి ఉంది. రెండు చేతులతో రెండు వేరు వేరు వస్తువులను పట్టుకునే యాంటీబాడీలను మందులుగా తయారుచేస్తున్నారు. హీమోఫీలియా రోగులకి ఇచ్చే ఎమిసిజుమాబ్ అలాంటిదే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన రెండు పదార్థాలను చెరో చేత్తో పట్టుకుని దగ్గరకి చేరుస్తుంది. రెండు రంగులు వేసి, ఇది ఎమిసిజుమాబ్ అని చెప్పండి. అప్పుడు ఎవరూ వంక పెట్టలేరు.

కాడ

మిగిలిన రెండు తీగ ముక్కలకి రెండేసి ముదురు పూసలు ఎక్కించి, రెండు కొసలా చుట్టు వేసిన కొక్కేలు పెట్టండి. రెండు తీగలనీ పక్కపక్కన పెట్టి, కింది పూసలు రెండింటినీ సన్న తీగతో గట్టిగా కట్టేయండి. పై పూసలు రెండింటినీ మాత్రం కట్టకండి. వాటి మధ్య మూడు నాలుగు మి.మీ. ఎడం ఉంచండి.

చాలామంది వదిలేసేది ఈ ఎడమే. అణువులో మిగతా డొమైన్లన్నీ జతజతగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కాడ పైభాగంలో ఉన్న జత ఒక్కటే ఆనుకోదు. ఆ ఖాళీలో చక్కెర అణువుల కొమ్మలు రెండు ఉంటాయి, ఒక్కో డొమైన్‌కి ఒకటి. ఆ కొమ్మల్ని తీసేస్తే యాంటీబాడీ రోగకారకాన్ని పట్టుకోగలదు గానీ, మిగతా రక్షణ కణాలను పిలిచే పని బాగా దెబ్బతింటుంది.

నల్లపూసలు ఇక్కడికే. సన్న తీగకి రెండు పూసలు ఎక్కించండి, ఇది కొమ్మ మొదలు. మూడో పూస దగ్గర తీగని రెండు పాయలు చేయండి. పాయకి రెండేసి పూసలు. మొదటి పూస పక్కన ఒకటి విడిగా వేలాడదీయండి, అది ఫ్యూకోజ్ అనే చక్కెర. మొత్తం ఎనిమిది. మన రక్తంలోని ఐజీజీలో బాగా కనిపించే కొమ్మల్లో ఇదొకటి. ఇలాంటివి రెండు చేసి, పై పూసల పైకొసన కట్టి, ఖాళీలోకి వంచండి. చోటు చాలకపోతే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. కళ్లు లాగేస్తున్నాయంటే కొమ్మకి మూడేసి పూసలతో సరిపెట్టండి. కానీ ఆ ఖాళీని మాత్రం మూసేయకండి.

మడత

మూడు గుత్తులూ తయారయ్యాయి, ఇక కలపాలి. చేతులకీ కాడకీ మధ్య ఉన్న చోటును హింజ్ అంటారు, మన తలుపు బందు లాంటి పనే. వైరస్ ఒంటి మీద ముళ్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. రెండు చేతులూ అందుకోవాలంటే మడత కదలాలి. గట్టిగా అతికించేసిన వై ఆ పని చేయలేదు.

గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసే ఇత్తడి చేపను చేతిలోకి తీసుకున్నారా ఎప్పుడైనా? తోక పట్టుకుని ఊపితే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది. ముక్కలు ముక్కలుగా చేసి కూర్చిన ఒళ్లు అది. దొరికితే ఒకటి తెచ్చుకుని, ఒక ముక్క పక్క ముక్కలో ఎంత వదులుగా దూరిందో దగ్గర నుంచి చూడండి. మనకి కావలసిన వదులు అంతే. ఎడమ చేతి ముదురు తీగ కొక్కేన్ని కాడలోని ఎడమ తీగ కొక్కేనికి చిన్న రింగుతో తగిలించండి, కుడిదాన్ని కుడికి. రింగు తెరిచేటప్పుడు రెండు కొసల్నీ పక్కలకి లాగకండి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తోయండి, మూసినప్పుడు గుండ్రంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ రెండు రింగులనీ ఇత్తడి తీగతో కలపండి, రెండు కట్లు. మనిషి ఐజీజీలో నాలుగు రకాలున్నాయి. మనం చేస్తున్నది రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఐజీజీ1. దాని మడత దగ్గర హెవీ చెయిన్లను కలిపే గంధకపు బంధాలు రెండే. ఐజీజీ3లో అయితే 11 ఉంటాయి, దాని జోలికి వెళ్లకండి.

గొలుసు ఎక్కడ తగిలించాలి? రెండు చేతుల కొసలకీ తగిలిస్తే వై నిటారుగా నిలుస్తుంది, ఫోటోలో బాగా పడుతుంది. కానీ చేతులు రెండూ గొలుసుకి కట్టుబడిపోతాయి, మడత కదలదు, మనం ఇంత కష్టపడింది వృథా. నేనైతే కాడ అడుగున ఉన్న కొక్కేలకే గొలుసు వేస్తాను. లాకెట్ తలకిందులుగా వేలాడుతుంది, చేతులు కిందికి జారి నడుస్తుంటే ఊగుతాయి. తలకిందులేంటి అని అడిగితే జవాబు ఉంది. యాంటీబాడీని తయారుచేసే బి కణం దాన్ని మొదట తన పైపొర మీద గుచ్చుకుని ఉంచుకుంటుంది. గుచ్చుకునేది కాడ వైపే, చేతులు బయటకి ఉంటాయి.

వెండిలో చేయించాలంటే

పూసల లాకెట్ పట్టుకునే కంసాలి దగ్గరకి వెళ్లండి. ఉత్త బొమ్మ తీసుకెళితే మీ ఊహ ఒకటి, ఆయన ఊహ ఇంకొకటి అవుతుంది. దానితోపాటు కాగితం మీద అసలు సైజులో గీసిన నమూనా ఇవ్వండి. తారకసికి 1 నానోమీటర్‌కి 3 మి.మీ. లెక్క పెట్టుకోండి. అప్పుడు ఒక్కో కోల చట్రం 12 మి.మీ. పొడవు, 7.5 మి.మీ. వెడల్పు వస్తుంది. ఇంతకన్నా చిన్నదైతే లోపల తీగలు పట్టవు.

లోపలి తీగలకీ లెక్క ఉంది. ప్రతి డొమైన్ లోపల గొలుసు ముందుకీ వెనక్కీ మడతలు పడి రెండు పలకలుగా అమరుతుంది. కొసన ఉన్న నాలుగు డొమైన్లలో తొమ్మిదేసి పోగులు, మిగతా ఎనిమిదింటిలో ఏడేసి. తారకసి పనిలో రెండు సన్న తీగలు పురి వేసి, చదును చేసి, చట్రంలో నిలువుగా నిలబెడతారు. కాబట్టి నాలుగు చట్రాల్లో తొమ్మిదేసి, ఎనిమిది చట్రాల్లో ఏడేసి తీగలు నింపమని చెప్పండి. మొత్తం 92. ఎదుటి నుంచి చూస్తే రెండు పలకలూ ఒకే వరుసలో కనిపిస్తాయి, అంతమాత్రం స్వేచ్ఛ తీసుకోక తప్పదు.

సంభాషణ ఇలా నడుస్తుంది, ముందే సిద్ధపడి వెళ్లండి.

“ఏటమ్మా ఇది, వై అక్షరమా?”

“కాదు ఆచారి గారూ, ఒంట్లో రోగాన్ని పట్టుకునేది. పన్నెండు గూళ్లు.”

“గూళ్లు పెడతాను గానీ, ఏడుకీ తొమ్మిదికీ తేడా ఎవరు చూస్తారు? అన్నీ ఎనిమిదేసి వేసేస్తాను, నిండుగా ఉంటాది.”

ఇక్కడ మెత్తబడకండి. “చూసేవాళ్లు చూస్తారండి, నాకు లెక్క ప్రకారమే కావాలి” అని నవ్వుతూనే గట్టిగా చెప్పండి. మంచి పనివాడికి లెక్క చెబితే కోపం రాదు. ముక్కుపుడక రాళ్ల లెక్క తప్పితే ఆయనే ఒప్పుకోడు.

చట్రానికి 0.8 మి.మీ. తీగ, నింపడానికి 0.3 తీగలు రెండు పురి వేసినవి. ఈ కొలతలకి లాకెట్ ఒక్కటీ నాలుగైదు గ్రాములకి మించదు, గొలుసు వేరు. పనికి ముందు వెండి మీ ఎదురుగా తూయించుకోండి. తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడగండి. ఇలాంటి పనిలో వెండి ఖరీదు కన్నా మజూరీ ఎక్కువవుతుంది, బేరం ఆడటానికి వీలున్నదీ అక్కడే, కానీ 92 తీగలు నిలబెట్టే చేతికి ఎంత తగ్గిస్తారు? టంకం వేసేటప్పుడు మడత దగ్గర రింగులు అతుక్కుపోకుండా చూడమని రెండుసార్లు చెప్పండి. వెలిగారం ఒక చుక్క అటు జారినా టంకం దాని వెంటే పారుతుంది. రింగులు చివర్లో, పొయ్యి పని అంతా అయ్యాక తగిలించమంటే ఈ గొడవే ఉండదు.

ఎవరికి ఏది ఇవ్వాలి

శ్రీమంతానికి ఇవ్వడానికి ఐజీజీకి మించింది లేదు. తల్లి రక్తంలోని యాంటీబాడీల్లో మాయను దాటి బిడ్డకి చేరేది ఐజీజీయే. పుట్టాక మొదటి కొన్ని నెలలు బిడ్డను కాచేది అదే. ఐజీఎం దాటదు.

బాలింతకైతే ఐజీఏ అనే ఇంకో రకం యాంటీబాడీ ఇవ్వండి. ముర్రుపాలలో, తల్లిపాలలో ఉండేది అది. పన్నెండేసి పూసల లాకెట్లు రెండు చేసి, కాడలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో ఒక వేరే పూసతో కలపండి. ఆ పూస జె చెయిన్, రెండు వైలనూ కలిపి ఉంచే గొలుసు. వాటి చుట్టూ అయిదు చిన్న పూసలున్న తీగని మెలి తిప్పండి. పాలలో, కడుపులో ఉండే ఎంజైములు ఐజీఏని కొరికేయకుండా కాపాడే భాగం అది. ఇది లాకెట్‌కి పొడవైపోతుంది, చేతి గొలుసుకి మధ్యలో పెడితే బాగుంటుంది.

ఐజీఎం చేయాలని సరదా పడేవాళ్లకి ఒక మాట. అయిదు వైలు చుట్టూ పేర్చితే ఐజీఎం, పది చేతులు. పాఠ్యపుస్తకాల్లో అయిదు కొసల నక్షత్రంలా సమానంగా గీస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ మధ్య తీసిన చిత్రాల్లో చూస్తే అది ఆరు కొసల ఆకారం, ఒక కొస ఖాళీ. ఆ ఖాళీలో జె చెయిన్ కూర్చుని ఉంటుంది. కాబట్టి కాగితం మీద ఆరు గీతలు గీసుకుని అయిదింటి మీదే వైలు పెట్టండి, ఆరో చోట ఒక పూస పెట్టి గొలుసు అక్కడే తగిలించండి. ఐజీఎం వై ఒక్కోదానిలో 14 డొమైన్లు, పూసలతో అన్నీ చూపాలంటే 70 కావాలి, అది బ్రోచ్ అవదు, పలకసరి అవుతుంది. తీగతో వైలు చేస్తే చాలు.

చెవులకి చిన్నవి కావాలంటే ఎంహెచ్‌సీ క్లాస్ 1 చేయండి. కణం తన లోపల ఏం తయారవుతోందో బయటకి చూపించే పళ్లెం అది. పళ్లెంలో పట్టే ప్రొటీన్ ముక్క ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. చిన్న దొన్నెలా వంచిన వెండి రేకులో తొమ్మిది రంగురంగుల చిట్టిపూసలు ఒక వరుసలో పెడితే అయిపోయింది.

దురద, నలుపు, తెగిపోవడం

చెవి కొక్కేలకీ గొలుసుకీ జర్మన్ సిల్వర్ వాడకండి. పేరులో సిల్వర్ ఉన్నా దానిలో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. నికెల్ పడనివాళ్లకి అది తగిలిన చోట ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి దురద పెడుతుంది. ఆ పని యాంటీబాడీలది కూడా కాదు, టి కణాలు అనే రక్షణ కణాలది. రోగనిరోధక శక్తి గురించి నగ చేసి, దానితోనే ఒంటి మీద దద్దుర్లు తెప్పించడం బాగుండదు కదా. 925 వెండి కొక్కేలు తీసుకోండి.

వెండి నల్లబడేది గాలిలో ఉండే గంధకపు వాయువుల వల్ల. రబ్బరు బ్యాండులోనూ గంధకం ఉంటుంది, లాకెట్ డబ్బాకి రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో పెట్టకండి. జిప్ కవర్‌లో గాలి తీసేసి పెట్టండి. బరంపురంలో రెండేళ్లకోసారి ఎండల్లో వచ్చే ఠాకురాణి యాత్రకి వేసుకెళ్లి చెమటతో తిరిగొస్తే, ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచేయండి. వెండి లాకెట్‌కి కుంకుడు రసం, పాత టూత్‌బ్రష్ చాలు. రాగిదైతే చింతపండు, కానీ పైరంగు పూసిన పూసలుంటే చింతపండు దగ్గరకి రానివ్వకండి.

ముందుగా తెగేది మడత దగ్గరి ఇత్తడి కట్టే. ఊగుతూ ఉండేది అదే కాబట్టి. బహుమతిగా ఇస్తుంటే డబ్బాలో ఒక బెత్తెడు ఇత్తడి తీగ చుట్టి పెట్టండి, రెండు కట్లు ఎలా వేయాలో ఒక చీటీ మీద బొమ్మ గీసి ఇవ్వండి.